నాలుగేళ్ల పాప నానమ్మను ‘నువ్వు’ అంటే దిద్దాలా?

చిగురు:
మా పాపకు నాలుగేళ్లు. నానమ్మను ‘నువ్వు’ అంటుంది, ‘ఇలా రా’ అని పిలుస్తుంది. నిన్న చుట్టాల ముందు మా వారు ‘మీరు అనాలి’ అని గద్దించారు. పాప బిక్కమొహం వేసుకుని గదిలోకి వెళ్లిపోయింది. అప్పటి నుంచి నానమ్మతో మాట్లాడటం లేదు. ఈ వయసులో దిద్దాలా, వదిలేయాలా?

తాతయ్య:
దిద్దాల్సిందేనమ్మా. మొక్కై వంగనిది మానై వంగుతుందా? మా ముగ్గురు పిల్లలకూ మూడేళ్లకే ‘అండి’ అలవాటు చేశాం. ఎవరూ చిన్నబుచ్చుకోలేదు.

వెన్నెల:
నానమ్మ దగ్గర ‘నువ్వు’లో తప్పేముంది? కీర్తనల్లో దేవుడినే ‘నీవు’ అంటాం. చనువును అమర్యాదగా లెక్కకట్టకండి.

పలక (చిన్నపిల్లల టీచరును):
తాతయ్య గారూ, నేర్పాలన్న మాట నిజమే. గద్దించి నేర్పడంతోనే నా పేచీ. పొద్దున లేచింది మొదలు పాపకు వినిపించేవి ‘లే, రా, తిను, పడుకో’. ‘రండి, కూర్చోండి’ వినబడేది ఇంటికి ఎవరైనా వచ్చినప్పుడే, అదీ తనతో కాదు. తనతో మాట్లాడిన తీరులోనే తిరిగి మాట్లాడుతోంది. అది పొగరు కాదు. 1961లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా ప్రచురించిన ప్రయోగంలో, పెద్దవారు ఒక బొమ్మను కొట్టడం చూసిన పిల్లల్లో కొందరు ఆ దెబ్బలనే కాదు, అప్పుడు వారన్న మాటలనూ అలాగే తిరిగి పలికారు.

నన్ను ఇంకా కలతపెట్టేది మరొకటుంది. ఇంట్లో పనిచేసే పెద్దావిడను మనం ‘నువ్వు’ అంటాం. మనకన్నా చిన్నవాడైన అధికారి ఫోను చేస్తే ‘మీరు’ అంటాం. పాప రెండూ వింటుంది. మర్యాద వయసుకు కాదు, హోదాకని అక్కడే నేర్చుకుంటుంది. తరువాత ఎంత చెప్పినా ఆ పాఠం చెరగడం కష్టం.

తాతయ్య:
పనివారి సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. అయినా వినడం ఒక్కటే చాలదమ్మా, చెప్పాలి కూడా.

పలక:
చెప్పాలి, కానీ నలుగురి ముందు వద్దు. పాప ‘నానమ్మా, రా’ అన్నప్పుడు పక్కనుంచి మీరు ‘అత్తయ్యా, రండి’ అని పిలవండి. కొన్నాళ్లు అలా సాగనివ్వండి. చిగురు గారూ, ముందు పాపను నానమ్మ దగ్గరకు చేర్చండి. నాకు ‘మీరు’ కన్నా అదే తొందర.

చిగురు:
మీ మాటలు చదువుతుంటే తట్టింది. మా వారు కూడా అత్తయ్యను ‘నువ్వు’ అనే పిలుస్తారు. పాప రోజూ వినేది అదే. ఈ రాత్రి ఆయనతో మాట్లాడతాను.