నిమ్ చింపాంజీకి వచ్చింది భాషేనా అండీ?

మాది అమలాపురం దగ్గరండి, మొన్న రాత్రి 2011లో వచ్చిన ప్రాజెక్ట్ నిమ్ డాక్యుమెంటరీ చూస్తుంటే సగంలో కరెంటు పోయింది. 1973లో పుట్టిన చింపాంజీ పిల్లని న్యూయార్క్‌లో ఓ ఇంట్లో మనుషుల పిల్లాడిలా పెంచి సైగల భాష నేర్పుతారు కదా, అదన్నమాట. పక్కన మా అమ్మమ్మ చీపురుకి కొబ్బరి ఈనెలు తీస్తూ, మన పెరట్లో కోతికీ హుష్ అంటే అర్థమవుద్ది, అంతమాత్రాన మాటలొచ్చినట్టేంట్రా అంది. నా డౌటూ అదే. నిమ్ వందకి పైగా సైగలు నేర్చాక, ఈ ప్రయోగం నడిపిన ప్రొఫెసర్ టెర్రేసే 1979లో ఇది భాష కాదు, ఎదుటోళ్ళని చూసి చేసేదే ఎక్కువని తేల్చేశాడంట. మరి కమలాపండు ఇవ్వు, నాకివ్వు, తింటా అని వరసపెట్టి అడగడం భాష కాదా? లింగ్విస్టిక్స్ చదివినోళ్ళు కాస్త చెప్పండి. తెలుగు సబ్‌టైటిల్స్ ఎక్కడన్నా దొరుకుతాయా? ఇంగ్లీషువి అమ్మమ్మకి చదివి చెప్పలేక గొంతు పోతోందండి బాబు.