నేను దిల్‌సుఖ్‌నగర్‌లో, బండి ఇర్వింగ్‌లో: పాత సియెన్నా అద్దం పైకి రావట్లేదు

ఇర్వింగ్ కొత్తకాపురం:

అందరికీ నమస్కారం. మేం అమెరికాకి, టెక్సస్‌లోని ఇర్వింగ్‌కి వచ్చి ఏడు నెలలైంది. చెల్లి పెళ్ళికని నేనొక్కణ్ణే హైదరాబాద్ వచ్చాను, ఇంకో పన్నెండు రోజులు దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఉంటాను. మా ఆవిడ, మూడేళ్ళ బాబు అక్కడే ఉన్నారు. బండి 2007 టొయోటా సియెన్నా, 1,70,000 మైళ్ళు తిరిగింది. మొన్న రాత్రి పక్క సీటు కిటికీ అద్దం సగం దిగి ఆగిపోయింది. డ్రైవర్ దగ్గరున్న బటన్ నొక్కినా, ఆ డోర్ మీదున్న బటన్ నొక్కినా కదలట్లేదు. మిగతా అద్దాలు బాగానే ఉన్నాయి. రేపటి నుంచి వానలట. ఇది స్విచ్చా, మోటారా? స్విచ్చే అయితే రాణీగంజ్‌లో కొని సూట్‌కేసులో వేసుకుపోవచ్చా? అక్కడి మెకానిక్ ఊరికే చూడ్డానికే 150 డాలర్లు అన్నాడని మా ఆవిడ టెన్షన్ పడుతోంది.

ఎడిసన్ అక్క:

తమ్ముడూ, ముందు ఒకటి చెప్పు. ఇంజన్ లోపలి టైమింగ్ బెల్ట్ మార్పించావా? 90,000 మైళ్ళకొకసారి మార్చాలి. నీ బండికి రెండోసారి దగ్గరపడింది. అద్దం లేకపోతే సీటు తడుస్తుంది, అంతే. బెల్ట్ తెగితే చంటిపిల్లాడితో హైవే మీద నిలబడాలి. ఇంత తిరిగిన బండి కొనేముందు ఇక్కడ ఒక మాట అడిగి ఉండాల్సింది. కొత్తగా వచ్చినవాళ్ళంతా ఇంతే, కొన్నాక అడుగుతారు.

ప్లేనో బాబాయ్:

అక్కయ్యగారూ, 2004 నుంచి 2006 దాకా వచ్చిన 3.3 లీటర్ ఇంజన్‌కి బెల్ట్. 2007లో 3.5 లీటర్ ఇంజన్ వచ్చింది, దానికి చైన్. కుర్రాణ్ణి ఊరికే భయపెట్టకండి.

బాబూ, నీ విషయానికొస్తా. కిటికీ లాక్ బటన్ నొక్కి ఉందేమో అని అందరూ అంటారు. లాక్ పడితే పక్క డోర్ బటన్ ఒక్కటే ఆగుతుంది, డ్రైవర్ దగ్గరది పనిచేస్తూనే ఉంటుంది. నీకు రెండూ ఆగాయి కాబట్టి లాక్ కాదు. ఇక రెండు బటన్లూ ఒకేసారి పోతాయా, కాబట్టి మోటారే పోయింది అంటారు. అదీ తొందరపాటే. చాలా పాత బళ్ళలో పక్క డోర్ స్విచ్‌కి కరెంటు దారి డ్రైవర్ దగ్గరున్న మెయిన్ స్విచ్‌లోంచే పోతుంది. అక్కడ కాంటాక్ట్ కాలితే రెండు బటన్లూ చచ్చినట్టే కనిపిస్తాయి.

అమ్మాయితో ఇలా చేయించు. రాత్రిపూట, తాళం తిప్పి, ఇంజన్ వేయకుండా, లోపలి లైట్ వెలిగించి ఆ బటన్ నొక్కమను. లైట్ కాస్త డల్ అయితే కరెంటు మోటారు దాకా వెళ్తోంది, మోటారు బిగుసుకుంది. అప్పుడు బటన్ పైకి లాగి పట్టుకుని, ఇంకో చేత్తో డోర్ లోపలి అట్ట మీద రెండు గట్టి దెబ్బలు వేస్తే ఒక్కోసారి కదులుతుంది. గర్రుమని చప్పుడొచ్చి అద్దం కదలకపోతే అద్దాన్ని ఎత్తి దించే రెగ్యులేటర్ తీగ తెగింది. లైట్ డల్ కాలేదు, చప్పుడూ లేదు అంటే స్విచ్ మీదే నా అనుమానం. ఫ్యూజ్ కూడా చూడమను. మిగతావి నడుస్తున్నాయని ఫ్యూజ్ బాగున్నట్టు కాదు, కొన్ని బళ్ళలో ఒక్కో డోర్‌కీ ఒక్కో ఫ్యూజ్.

స్విచ్ అని తేలితే డ్రైవర్ దగ్గరున్న ఆ ఒక్క బటన్ కాస్త గట్టిగా, పైకీ కిందకీ ఇరవై ముప్పై సార్లు ఆడించమను. లోపల పట్టిన మసి ఆ రాపిడికి కొంచెం పోయి ఒక్కసారైనా అందుకుంటుంది. అద్దం పైకొచ్చిందా, ఇంక నువ్వు వెళ్ళేదాకా ఆ బటన్ జోలికి పోవద్దని చెప్పు.

హెర్న్‌డన్ అన్న:

ఎవరూ అసలు సంగతి చెప్పట్లేదు. బండి ఇన్‌స్పెక్షన్‌లో ఫెయిల్ చేస్తారు. మా వర్జీనియాలో డ్రైవర్ వైపు అద్దం దిగకపోయినా పాసైన స్టిక్కర్ ఇవ్వరు, చేత్తో సిగ్నల్ చూపించడానికి దిగాలి అంటారు. టెక్సస్‌లోనూ అంతే అయి ఉంటుంది. స్టిక్కర్ లేకుండా తిరిగితే టికెట్.

ప్లేనో బాబాయ్:

వర్జీనియా రూల్ వర్జీనియాలోనే ఉంచు అన్నా. టెక్సస్‌లో మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ 2025 జనవరి 1 నుంచి తీసేశారు. దాని బదులు రిజిస్ట్రేషన్‌లోనే ఏడున్నర డాలర్లు గుంజుతారు, అది వేరే కథ. ఇర్వింగ్ డాలస్ కౌంటీ కాబట్టి పొగ పరీక్ష మాత్రం ఉంది. పొగ పరీక్షకి అద్దంతో పనేమిటి?

హెర్న్‌డన్ అన్న:

అడిగింది పక్క సీటు అద్దమే, డ్రైవర్‌ది కాదు. నేనే సరిగ్గా చదవలేదు. కానీ పరీక్షలు ఎత్తేసి బళ్ళని రోడ్డు మీద వదిలేయడం నాకు నచ్చదు.

కేటీ పెద్దన్న:

బాబూ, స్విచ్ సంగతి ఎలాగో తేలుతుంది. నువ్వు ముందు భయపడాల్సింది మీ అపార్ట్‌మెంట్ ఆఫీసుకి. నా కథ విను.

మాది పాత హోండా ఒడిస్సీ. ఇలాగే డ్రైవర్ వెనక అద్దం డోర్‌లోకి జారిపోయింది. నేను నల్ల చెత్త కవర్ చింపి, బూడిద రంగు టేపు వేసి మూసేశాను. రెండో రోజు బండి మీద నారింజ రంగు కాగితం అంటించి ఉంది, నడవని బండి తీసెయ్యాలని. నేను రోజూ ఆఫీసుకి అందులోనే వెళ్తున్నా! ఆఫీసుకి వెళ్ళి చెప్తే ఆవిడ నవ్వి సరే సరే అంది. నేను నమ్మాను. శనివారం పార్కింగ్‌లోనే డోర్ అట్ట విప్పి కూర్చున్నా. అట్ట ఒకచోట, స్క్రూలు మా పిల్ల టిఫిన్ డబ్బాలో, నేను డోర్‌లో తలపెట్టి ఉన్నా. అదే ఆవిడ గోల్ఫ్ బండిలో వచ్చి, మీ లీజులో పార్కింగ్‌లో రిపేర్లు చేయకూడదని ఉంది అంది. నిజంగానే ఉంది. పద్నాలుగు పేజీల లీజు ఎవడు చదివాడు? సంతకం పెట్టిన రోజు మా ఆవిడకి వంటగది చూపించడంలోనే సరిపోయింది.

సోమవారం పొద్దున ఆరున్నరకి కిందకి వస్తే బండి లేదు. ఎవడో ఎత్తుకెళ్ళాడనుకుని పోలీసులకి ఫోన్ చేస్తే, టో అయింది, అంటే వేరే బండికి తగిలించి లాక్కెళ్ళారు అన్నారు. టో యార్డ్ ఎక్కడో ఊరి చివర, వాడికి ఆ రోజుకి 280 డాలర్లు కట్టాను. లోపల పిల్ల కూర్చునే కారు సీటు, స్కూలు బ్యాగు. ఆ రోజు ఆ పిల్ల పుస్తకాలు లేకుండా స్కూలుకెళ్ళింది.

టెక్సస్‌లో టో చేస్తే జస్టిస్ కోర్టులో హియరింగ్ అడగొచ్చు, 14 రోజుల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, సెలవులు లెక్కలోకి రావు. అడిగాను. జడ్జిగారు మర్యాదగానే అడిగారు, బండి నడుస్తోందని రుజువేది అని. నా దగ్గర ఫొటో లేదు, వీడియో లేదు. ఆఫీసు ఆవిడ దగ్గర మాత్రం డోర్ విప్పి నేను బోర్లా పడుకున్న ఫొటో ఉంది. ఆ ఫొటో కోర్టులో చూడ్డం నాకు 280 కంటే ఎక్కువ బాధ.

అందుకని మీ ఆవిడతో ఇవాళే బండి నడుపుతున్నట్టు చిన్న వీడియో తీయించు. కవర్ వేస్తే పారదర్శకంగా ఉండేది వెయ్యమను. నల్లది వేస్తే ఆ వైపు సైడ్ మిర్రర్ కూడా కనపడదు. టేపు రంగులవాళ్ళు వాడే నీలం టేపు అయితే పెయింట్ ఊడదు. అట్ట విప్పే పని మాత్రం స్నేహితుల ఇంటి ముందు చేసుకోండి.

ఎడిసన్ అక్క:

పెద్దన్నగారూ, ఈ కథ ప్రతి ఏడాదీ చెప్తారు, ప్రతిసారీ టో డబ్బులు పెరుగుతాయి. పోయినసారి 240 అన్నారు.

నల్లగండ్ల రిటర్న్:

తమ్ముడూ, నేను పదహారేళ్ళు ఫ్రీమాంట్‌లో ఉండి హైదరాబాద్ వచ్చేశాను. రాణీగంజ్ ఆలోచన మానుకో. సియెన్నా ఇక్కడ అమ్మిన బండి కాదు. నువ్వు ఇన్నోవాది తీసుకుందామనుకుంటావు, రెండూ టొయోటాలే కదా అని. ఇక్కడ స్టీరింగ్ కుడివైపు. మెయిన్ స్విచ్ కుడి డోర్‌కి చేసినది, బటన్ల వరస అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. వైర్ల ప్లగ్ కూడా పట్టదు. నేను ఒకసారి ఇలాగే పుత్లీబౌలీలో కొని పట్టుకెళ్ళాను, ఇప్పటికీ నా డ్రాయర్‌లో ఉంది.

కానీ ఇక్కడున్నావు కాబట్టి వేరే పని చెయ్. కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్ళి, ఎలక్ట్రానిక్స్ రిపేరు చేసే ఎవరి దగ్గరైనా పాత స్విచ్ ఎలా తెరిచి తుడుస్తారో చూడు. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే మాత్రం కొనకు. మండే స్ప్రే విమానంలో ఏ బ్యాగులోనూ ఒప్పుకోరు, ఎయిర్‌పోర్టులో తీయించేస్తారు.

ఫ్రిస్కో వదిన:

రీకాల్, అంటే కంపెనీయే పిలిచి లోపం సరిచేయడం, ఉందేమో ఎవరైనా చూశారా? 2012లో ఈ డ్రైవర్ వైపు స్విచ్ కోసమే టొయోటా ప్రపంచమంతా కలిపి 74 లక్షల బళ్ళు వెనక్కి పిలిచింది. లోపల గ్రీజు సరిగ్గా పూయలేదని, స్విచ్ వేడెక్కి పొగ వస్తోందని. మళ్ళీ 2015లో ఇంకో 65 లక్షలు. మా కోడలి క్యామ్రీకి డీలర్ దగ్గర పైసా తీసుకోకుండా చేశారు.

హెర్న్‌డన్ అన్న:

పదేళ్ళు దాటిన బండికి రీకాల్ ఫ్రీ ఉండదు వదినా.

ఫ్రిస్కో వదిన:

అది పాత రూలు. 2015లో పదిహేను చేశారు. ఆ లెక్క కూడా బండి కొన్ననాటి నుంచి నోటీసు వచ్చేదాకానే, ఇవాళ్టి దాకా కాదు. అయినా మనం వాదించుకోవడం ఎందుకు, ముందు అద్దం కింద డ్రైవర్ వైపు మూలన 17 అక్షరాల నంబర్ ఉంటుంది, అది అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో కొడితే చెప్పేస్తుంది.

ఇర్వింగ్ కొత్తకాపురం:

అందరికీ థాంక్స్. నంబర్ కొట్టాం, మా బండికి రీకాల్ ఏమీ లేదు. లైట్ డల్ కాలేదు, చప్పుడు లేదు. బాబాయ్ చెప్పినట్టు బటన్ ఆడిస్తే పాతిక సార్లకి అద్దం ఒక్కసారిగా లేచి పైకెళ్ళిపోయింది! మా ఆవిడ అరిచిన అరుపుకి ఇక్కడ అమ్మ కూడా లేచింది. కోఠీకి కూడా వెళ్ళొచ్చాను, ఒకాయన పాత స్విచ్ విప్పి చూపించాడు. ఇప్పుడు మా ఆవిడ నేనే విప్పుతానంటోంది. ముందు బ్యాటరీ తీయాలా?

కేటీ పెద్దన్న:

తియ్యకు! ఆ రోజు తీశాక మా ఒడిస్సీ రేడియో కోడ్ అడిగింది. కోడ్ స్టిక్కర్ కోసం గ్లవ్ బాక్స్ అంతా వెతికి, చివరికి రెండు నెలలు పాటలు లేకుండా తిరిగాం.

ప్లేనో బాబాయ్:

హోండా కథ టొయోటాకి ఎందుకు పెద్దన్నా. కరెంటు పని అంటే నెగటివ్ తీయడమే పద్ధతి.

బాబూ, అమ్మాయికి చెప్పు: తాళం తీసేసి, నెగటివ్ వైరు ఊడదీసి, డ్రైవర్ డోర్ ఆర్మ్‌రెస్ట్ మీది స్విచ్ ప్లేటు ప్లాస్టిక్ గరిటె కాడతో మెల్లగా లేపాలి. స్క్రూడ్రైవర్ పెడితే అంచు నలుగుతుంది. వైర్ల ప్లగ్ నాలుక నొక్కి లాగాలి, వైర్లు పట్టి లాగొద్దు. స్విచ్‌ని పెద్ద పళ్ళెంలో పెట్టి తెరవాలి, చిన్న స్ప్రింగులు ఎగిరిపడతాయి. ప్రతి మెట్టుకీ ఫొటో. రాగి నాలుకల మీద నల్లగా ఉన్నచోట పెన్సిల్ రబ్బరుతో రుద్ది, 91 శాతం ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవాలి. ఉప్పు కాగితం వద్దు, కొబ్బరినూనె అసలే వద్దు. కాంటాక్ట్ కాలి గుంట పడి ఉంటే తుడిచి లాభం లేదు, జంక్ యార్డులో అదే మోడల్ స్విచ్ వెతుక్కోండి.

ఇర్వింగ్ కొత్తకాపురం:

అయిపోయింది. వీడియో కాల్‌లో నేను ఇక్కడ పెళ్ళి శుభలేఖలు పంచుతూ, తను అక్కడ వంటగది బల్ల మీద. ఒక స్ప్రింగ్ ఎగిరి ఇడ్లీపాత్ర వెనక పడింది, బాబు వెతికిచ్చాడు. లోపల మసి కంటే గోధుమ రంగు జిగురు ఎక్కువ ఉందట. అది చాయ్, నాదే. ఆర్మ్‌రెస్ట్ మీద కప్పు పెట్టొద్దని మొదటి నెల నుంచి చెప్తోంది. ఇప్పుడు రెండు బటన్లూ పనిచేస్తున్నాయి. కానీ డ్రైవర్ అద్దం ఒక్క నొక్కుకి పూర్తిగా ఎక్కడం మానేసింది, పాడుచేశామా?

ప్లేనో బాబాయ్:

లేదు, బ్యాటరీ తీశారు కదా, అద్దం ఎక్కడిదాకా ఎక్కాలో మర్చిపోయింది. అద్దం సగం దింపి, మళ్ళీ పూర్తిగా ఎక్కించి, ఎక్కాక కూడా బటన్ రెండు సెకన్లు లాగి పట్టుకోమను.

కేటీ పెద్దన్న:

చూశారా, అందుకే బ్యాటరీ తియ్యొద్దన్నాను.

ఎడిసన్ అక్క:

తమ్ముడూ, 2007 అని నీకు అమ్మినవాడు చెప్పాడా, నువ్వు డోర్ స్టిక్కర్ మీద తయారీ నెల చూశావా? ఇంజన్ మూత మీద 3.3 అని ఉందేమో మీ ఆవిణ్ణి ఒకసారి చూడమను.