అమెరికా రిసీవర్‌కి స్టెప్‌డౌన్ చాలా, లోపలే 230కి మార్పించాలా?

డల్లాస్ బాబు
డిసెంబరులో హైదరాబాద్ వచ్చేస్తున్నాం, సామాను ఓడలో వస్తోంది. ఆడియో సామాన్లు ముఖ్యంగా మూడు. ఒకటి ఏవీ రిసీవర్ (సినిమాకీ పాటలకీ స్పీకర్లని నడిపే ఆంప్), వెనక 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంది. రెండోది జపాన్ నుంచి తెప్పించుకున్న పాత స్టీరియో ఆంప్, దాని మీద 100 వోల్టులు, 50/60 హెర్ట్జ్. మూడోది బెల్టు టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్), 120 వోల్టుల ఏసీ సింక్రనస్ మోటారు. "పెద్ద స్టెప్‌డౌన్ ఒకటి కొని మూడూ దానికే తగిలించెయ్ బావా" అంటాడు మా బావమరిది. స్టెప్‌డౌన్ అంటే మన 230 వోల్టుల్ని తగ్గించి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా. ఇక్కడ ఆంప్‌లు రిపేరు చేసే పెద్దాయన మాత్రం లోపలి ట్రాన్స్‌ఫార్మర్లు మార్పించకపోతే మాడిపోతాయంటున్నారు. మీరేమంటారు?

కోఠి కుర్రోడు
మీ బావమరిది చెప్పిందే కరెక్ట్ అన్నా. మా కాక అమెరికా కెళ్లి తెచ్చిన ఆంప్ నా దగ్గర స్టెప్‌డౌన్ మీదనే నడుస్తున్నది. ఏం గాలే. లోపల విప్పుడు షురూ చేస్తే ఇగ అది మెకానిక్‌దే, నీది కాదు. గుజరాతీ గల్లీల మంచి బరువున్న డబ్బా తీస్కో, ఖేల్ ఖతం.

వైండింగ్ మూర్తి
తమ్ముడూ, స్టెప్‌డౌన్ వోల్టేజిని దించుతుంది గానీ ఫ్రీక్వెన్సీని ముట్టుకోదు. మన ప్లగ్గులో వచ్చేది 50 హెర్ట్జే. ట్రాన్స్‌ఫార్మర్ కోరు, అంటే లోపలి ఇనుప దిమ్మ, మీద పడే భారం వోల్టేజిని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే తెలుస్తుంది. అమెరికాలో 120ని 60తో భాగిస్తే 2. అదే 120 ఇక్కడిస్తే 2.4, అంటే 20 శాతం ఎక్కువ. ఇనుము ధారాళంగా పెట్టిన ట్రాన్స్‌ఫార్మరైతే తట్టుకుంటుంది. పిసినారితనంగా చుట్టిందైతే కోరు సాచురేట్ అయి, అంటే ఇక మోయలేని స్థితికి చేరి, పాట పెట్టకముందే కరెంటు ఎక్కువ లాగుతుంది, గుర్రుమంటుంది, వేడెక్కుతుంది. వెనక 60 మాత్రమే రాసిన కంపెనీ 50కి పూచీ ఇవ్వనట్టే.

నీ ఆంప్ వెనక ఏం రాసుందో ఒకసారి చూసి చెప్పు.

కోఠి కుర్రోడు
చూసిన. 120 వోల్టులు, 50/60 హెర్ట్జ్.

వైండింగ్ మూర్తి
అందుకే ఏం గాలేదు. బాబుగారి రిసీవర్‌కి ఆ 50 లేదు.

గుంటూరు గ్రామఫోన్
మూర్తిగారూ, లెక్క బాగుంది, కానీ దాన్నే అటు తిప్పి చూడండి. 120 బదులు 110 ఇస్తే 2.2, భారం 10 శాతమే ఎక్కువ. పవరు 16 శాతం తగ్గుతుంది, చెవికి అది ఒక డెసిబెల్ కూడా కాదు. 100 ఇస్తే కచ్చితంగా 2 వస్తుంది, నష్టం డెసిబెల్‌న్నర. ఇంట్లో సినిమా చూసేవాడికి ఆ తేడా ఏం తెలుస్తుందండీ? అంతదానికి రిసీవర్‌ని కోసి కుట్లేయాలా?

వైండింగ్ మూర్తి
110 అని రాసున్నంత మాత్రాన 110 రాదు గురువుగారూ. మా వీధిలో అర్ధరాత్రి మీటరు 250 చూపిస్తుంది. 230కి 110 ఇచ్చే డబ్బా 250కి ఇంచుమించు 120 ఇస్తుంది. అంటే మీ 2.2 మళ్ళీ 2.4 దగ్గరికే. ముందు స్టెబిలైజర్ ఉంటే మీ మాట ఒప్పుకుంటాను.

నా అసలు బెంగ రిసీవర్ గురించి కాదు, జపాన్ ఆంప్ గురించి. 100 మీద బతకాల్సిన దానికి రాత్రిపూట 120 వెళ్తుంది. లోపల 45 వోల్టుల సప్లై 54 అవుతుంది. అక్కడ 50 వోల్టులే తట్టుకునే కెపాసిటర్లు ఉంటే ఎన్నాళ్ళు ఉంటాయి? అందుకే మూడూ ఒకే డబ్బాకి అన్న మాట మానుకోండి. దానికి 230 నుంచి 100కి విడిగా చుట్టించండి. ఫ్రీక్వెన్సీ గొడవ దానికి లేదు. టోక్యో వాళ్ళు జర్మనీ జనరేటర్లు, ఒసాకా వాళ్ళు అమెరికావి తెచ్చుకున్న పుణ్యమా అని ఈనాటికీ జపాన్ తూర్పున 50, పడమట 60. అక్కడ అమ్మే సామాను రెండిటికీ తట్టుకోవాల్సిందే.

బెజవాడ సర్క్యూట్
అందరూ బయట డబ్బా గురించే మాట్లాడుతున్నారు. లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌కి రెండు ప్రైమరీలు (గోడ కరెంటు వచ్చే చుట్టలు) ఉంటే పని అరగంట. అమెరికాలో అవి పక్కపక్కన, అంటే పారలెల్‌గా కలిపి ఉంటాయి. మనకి సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపితే 230 తీసుకుంటుంది. ఫ్యూజు విలువ సగానికి తగ్గించాలి, చాలామంది ఇది మర్చిపోతారు. పైన బరువు డబ్బా ఉండదు, దాని గుర్రు ఉండదు, ఎర్త్ తిన్నగా గోడకి పోతుంది. సర్వీస్ మాన్యువల్ చూసి చేసే మనిషి దొరికితే ఇదే మేలు.

వైండింగ్ మూర్తి
రెండు ప్రైమరీలు ఉంటే నేనూ అదే అంటాను. కోరు మీద భారం మారదన్నది గుర్తుంచుకోండి, ఒక్కో ప్రైమరీకి ఇక్కడా 115 దాకా వస్తుంది, ఫ్రీక్వెన్సీ 50యే. పైగా అమెరికాకని చేసిన రిసీవర్లలో చాలావాటికి ప్రైమరీ ఒక్కటే. టొరాయిడ్‌లో (గుండ్రటి గారె ఆకారపు ట్రాన్స్‌ఫార్మర్‌లో) అది అన్నిటికన్నా అడుగున ఉంటుంది, దాన్ని మార్చాలంటే పైనున్న సెకండరీలన్నీ (కరెంటు బయటికిచ్చే చుట్టలు) విప్పాలి. రిసీవర్‌లో ఆ సెకండరీలు నాలుగైదు రకాలు, స్టాండ్‌బైకి వేరే చిన్న సప్లై. కొత్తది చుట్టించి పెట్టడం కుదురుతుంది గానీ ఆ ఖర్చుకి ఇక్కడే ఓ మంచి రిసీవర్ వచ్చే అవకాశం ఉంది.

ఎర్త్ ఎక్కడ
ఇంతసేపూ అందరూ ఆంప్ ప్రాణం గురించే, మనిషి ప్రాణం గురించి ఒక్కరూ మాట్లాడలేదు. బజార్లో దొరికే డబ్బాల్లో చాలావరకు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లే. ఒకే చుట్ట, మధ్యలోంచి తీగ లాగుతారు. ఆ తీగకీ న్యూట్రల్‌కీ మధ్యనున్న చుట్ట తెగితే 230 మొత్తం ఆంప్‌లోకి పోతుంది. ఇంకా ఘోరం, అరచేతిలో పట్టే 1600 వాట్ల ట్రావెల్ కన్వర్టర్లు. అవి హెయిర్ డ్రయ్యర్‌కి పనికొస్తాయి, వోల్టేజి తరంగాన్ని ముక్కలు కోసి ఇస్తాయి. ఆడియోకి పెట్టొద్దు. బరువే గుర్తు: రెండు చుట్టలు విడివిడిగా ఉన్న 1000 వీఏ (ఇంచుమించు వాట్ల లాంటి కొలత) డబ్బా చేతికి తేలిగ్గా ఉంటే లేబుల్ అబద్ధం చెబుతున్నట్టే.

బెజవాడ సర్క్యూట్
విడి చుట్టలు పెడితే మీ ఇంటి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్) అవతలి వైపు లీకేజీని చూడలేదు. ఆటో ట్రాన్స్‌ఫార్మర్‌లో న్యూట్రల్ కలిసే ఉంటుంది కాబట్టి చూస్తుంది. ఇప్పుడు ఏది క్షేమం అంటారు?

ఎర్త్ ఎక్కడ
చూడలేదు, నిజమే. అందుకే సెకండరీలో ఒక కొసని ఎర్త్‌కి కట్టి, రెండో కొసకి ఫ్యూజు పెట్టించాలి. ఆంప్ లోహపు పెట్టెకి ఎర్త్ ఉంటే, కరెంటు దానికి తగిలినప్పుడు ఆ ఫ్యూజు పోతుంది. అమెరికా మూడు పిన్నుల ప్లగ్గుకి రెండు పిన్నుల అడాప్టర్ తగిలించి హమ్మింగ్ పోగొట్టేవాళ్ళకి మాత్రం ఏ ట్రాన్స్‌ఫార్మరూ దిక్కు కాదు. మీ ఆటో వాదన నాకింకా నచ్చలేదు. ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది సరే, తెగిన చుట్ట నుంచి ఆంప్‌ని ఎవరు కాపాడాలి?

బెజవాడ సర్క్యూట్
ఆంప్ పోతే కొనుక్కుంటాం సార్.

గుంటూరు గ్రామఫోన్
టర్న్‌టేబుల్ని అందరూ వదిలేశారు. సింక్రనస్ మోటారు వేగం పూర్తిగా ఫ్రీక్వెన్సీ చేతిలో ఉంటుంది. 60కి 33⅓ తిరిగే పళ్ళెం ఇక్కడ 27.8 తిరుగుతుంది. సుశీలమ్మ పాట మూడు స్వరస్థానాలు కిందికి దిగి వేరే ఎవరో పాడినట్టుంటుంది. స్టెప్‌డౌన్ ఎంత గొప్పదైనా ఇది తప్పదు. మోటారుకి 50 హెర్ట్జ్ పుల్లీ (బెల్టుని తిప్పే చిన్న చక్రం), అంటే 20 శాతం ఎక్కువ వ్యాసం ఉన్నది, దొరుకుతుందేమో కంపెనీని అడగండి. లేదంటే 60 హెర్ట్జ్ పుట్టించి ఇచ్చే చిన్న సప్లై కావాలి. డీసీ మోటారు, క్వార్ట్జ్ లాక్ (వేగాన్ని తనే నిలబెట్టుకునే ఏర్పాటు) ఉన్నవాటికి ఈ బాధ లేదు.

డల్లాస్ బాబు
రిసీవర్ ఇక్కడే అమ్మేస్తున్నాను. జపాన్ ఆంప్‌కి 230 నుంచి 100, విడి చుట్టలతో, మూర్తిగారు చెప్పినట్టే. టర్న్‌టేబుల్ కంపెనీకి పుల్లీ కోసం రాశాను. చివరి ప్రశ్న: సబ్‌వూఫర్ వెనక 115/230 అని ఎర్ర స్విచ్ ఉంది. దానికి డబ్బా అక్కర్లేదు కదా?

వైండింగ్ మూర్తి
అక్కర్లేదు. కానీ 115లో ఉండగా మన కరెంటు ఇస్తే లోపలి కెపాసిటర్లు పేలతాయి. ప్యాక్ చేసేముందే స్విచ్‌ని 230 వైపు జరిపి, ఫ్యూజు విలువ కూడా వెనక రాసున్నట్టు మార్చి, పైన టేపు వేసేయండి. ఇక్కడ దిగాక పిల్లలు మీకంటే ముందే ప్లగ్గు పెట్టేస్తారు.