ట్రిప్పుకెళ్లి మా ఆయన్ని ఒక్కరినే కొండకి పంపాను. తప్పు నాదేనా?

గాజువాక గృహిణి:
పెళ్లయి తొమ్మిదేళ్లు. బాబుని అమ్మ దగ్గర వదిలి మొన్న డిసెంబరులో ఇద్దరమే అరకు వెళ్లాం, రెండు రాత్రులు. ఆయనకి ట్రిప్పంటే చూడాల్సినవన్నీ చూసేసి రావడం. నాకు ట్రిప్పంటే పొద్దున్నే పాలవాడు బెల్లు కొట్టకపోవడం.

పేచీ వెళ్లేటప్పుడే మొదలైంది. కిరండూల్ రైలెక్కుదాం, అద్దాల బోగీలో కూర్చుని సొరంగాలు లెక్కపెట్టుకుంటూ వెళ్దాం అన్నాను. కారైతే మన చేతిలో ఉంటుంది అన్నారు. ఉన్నది ఆయన చేతిలోనే లెండి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని ఘాట్ రోడ్డు పొడవునా చెప్పారు గానీ, అనంతగిరి తోటల దగ్గర ఒక్క కప్పు తాగడానికి ఆపలేదు. "వచ్చేటప్పుడు" అన్నారు. గాలికొండ దగ్గరా "వచ్చేటప్పుడే".

రెండో రోజు తెల్లారుజామున వంజంగి ప్రోగ్రాం పెట్టారు. పాడేరు దాటి వెళ్లాలి. చీకట్లో కొండెక్కితే, సూర్యుడొచ్చేసరికి కింద మబ్బులు పాలసముద్రంలా పరుచుకుని ఉంటాయి. అంటే మూడింటికల్లా బయల్దేరాలి. "మీరు వెళ్లి రండి, నేను పడుకుంటాను" అన్నాను. కోపంతో కాదు, మనస్ఫూర్తిగానే. ఆయనా హుషారుగానే వెళ్లారు. (వెళ్తూ వెళ్తూ సాక్సుల కోసం గదిలో లైట్లన్నీ వేశారు, అది వేరే సంగతి.) నేను ఎనిమిదింటికి లేచి, దుప్పటి కప్పుకుని వరండాలో రెండు గ్లాసుల కాఫీ తాగాను. తొమ్మిదేళ్లలో చల్లారకుండా తాగిన కాఫీ అదే.

కిందికి దిగాక ఆయన వాట్సాప్ స్టేటస్ పెట్టారు. వెనక మబ్బులు, ముందు మంకీ క్యాప్‌లో ఆయనొక్కరే. "వదినేది అన్నయ్యా?" అని మా ఆడపడుచు. సంక్రాంతికి వెళ్తే అందరి ముందూ అదే పంచాయితీ. "మొగుడు చలిలో కొండలెక్కుతుంటే దుప్పటి కప్పుకుని పడుకుందట" అని అత్తగారు. మా ఆయన ఏమన్నారో తెలుసా? "నేను రమ్మన్నాను, తనే రాలేదు."

ఇప్పుడు చెప్పండి. ట్రిప్పుకెళ్లాక భార్యాభర్తలు అన్నిచోట్లకీ జంటగానే తిరగాలా?

మెట్లదారి:
అమ్మా, నాకు అరవై ఏడు. బ్యాంకులో చేసి రిటైరయ్యాను. ఏటా తిరుమల వెళ్తాం. నేను శ్రీవారి మెట్టు ఎక్కుతాను, 2,388 మెట్లు. మా ఆవిడకి మోకాళ్లు సహకరించవు, బస్సులో వస్తుంది. పైన కలుసుకుని దర్శనానికి కలిసే వెళ్తాం. "మొగుడు మెట్లెక్కుతుంటే నువ్వు బస్సెక్కావా" అని ఆవిణ్ణి ఇన్నేళ్లలో ఎవరూ అనలేదు. దేవుడి కొండకి లేని పట్టింపు మబ్బుల కొండకి దేనికి?

ఓరుగల్లు పిల్ల:
అంకుల్, మీరు రిటైరైన్రు, ఇద్దరూ ఏడాదంత ఒక్కతాననే ఉంటరు. మా బతుకు గట్ల కాదు. నాది పొద్దుగాల షిఫ్టు, ఆయనది రాత్రి షిఫ్టు. ఫ్రిజ్ మీద చీటీలు అంటించి మాట్లాడుకుంటం. కలిసి దొరికేదే ఏడాదికి నాలుగు దినాలు, అండ్ల గూడ ఎవరి దారి వాళ్లదైతే ఇంక పోవుడెందుకు?

పోయినసారి ములుగు దిక్కు పోయినం. లక్నవరంల వేలాడే వంతెనంటే నాకు భయం, కళ్లు తిరుగుతయ్. అయినా ఆయన చెయ్యి పట్టుకొని అవతలి దాకా నడిచిన. ఇటు రామప్ప గుడంటే నాకు ప్రాణం. 1213ల కట్టిన గుడి, ఒక్కొక్క మదనిక బొమ్మను, గా నాట్యమాడే ఆడోళ్ల శిల్పాలను, నిలబడి చూస్త. ఆయనకు పది నిమిషాలైతే సాలు. అయినా ఎండకు బండలు కాలుతుంటే, చెప్పుల్లేకుంట గంటన్నర నా ఎనుక తిరిగిండు, ఒక్క మాటనలే. అక్కా, మూడింటికి లేచుడు ఒక్క దినమే గదా. కాఫీ ఇంటికాడ గూడ తాగొచ్చు.

గాజువాక గృహిణి:
ఇంట్లో చల్లారకుండా తాగనిస్తే కదా తల్లీ!

కర్నూలు మామ:
మొగోడి తరఫున ఒక మాట. మా ఇంట్లో ఫ్యాను నంబరు కాడ్నుంచి కొట్లాటే. నాకు అయిదు, ఆయమ్మకి రెండు. తడి తువ్వాలు మంచం మీదేసినానని వారం రోజులు సాధించింది. అట్లాంటిది "నువ్వు పోయిరా, నేను పండుకుంటా" అని నవ్వుతా పంపిస్తే ఏ మొగుడికైనా పండగే. మీ ఆయన గూడా పండగ చేసుకున్నాడు కదా? మరి అమ్మ అడిగినప్పుడు "నేనే పండుకోమన్నా" అంటే ఏం పోయేది? ఒక్క మాటతో తెగిపోయే యవ్వారం. రమ్మన్నా రాలేదంట! తప్పు కొండది కాదు, నిద్రది కాదు, ఆ జవాబుది.

డల్లాస్ తమ్ముడు:
మేం గ్రాండ్ కాన్యన్ వెళ్లినప్పుడు సూర్యోదయానికి మా ఆవిడ ఒక్కతే వెళ్లింది, నేను గదిలో నిద్రపోయాను. ఫోన్లో మా అమ్మ ఏమందో తెలుసా? "పాపం అలిసిపోయుంటాడు, పడుకోనీ."

ఓరుగల్లు పిల్ల:
గిది మాత్రం కరెక్టు. అయినా నా మాటైతే మార్చుకోను.

పాడేరు రోడ్డు:
నేను ఈ రూట్లో జీపు తోలుతాను. ఎవరు వెళ్లారు, ఎవరు పడుకున్నారని ఇంతమంది రాశారు గానీ, బండి ఎవరు తోలారని ఒక్కరూ అడగరేటండీ? డిసెంబరు మంచులో, రాత్రి మూడింటికి, కొత్త మనిషి ఒక్కడూ! ఆ మంచులో పెద్ద లైటు వేస్తే ఎదర తెల్ల గోడ కట్టినట్టే ఉంటుంది, చిన్న లైటులోనే నెమ్మదిగా పోవాలి. మలుపు మలుపుకీ హారన్ కొట్టాలి. పక్కన మాట్లాడే మనిషుంటేనే కునుకు రాదు. కొన్నిచోట్ల ఫోను పలకదు. అమ్మగారు పడుకోవడం తప్పు కాదు, సారుకి లోకల్ జీపు మాట్లాడి పంపకపోవడం తప్పు. ఇంకోటి, అక్కడ మబ్బులు రోజూ రావండీ. గాలి తిరిగిందంటే వట్టి కొండే. మీ సారుకి కనబడ్డాయంటే అదృష్టం.

గాజువాక గృహిణి:
డ్రైవరు గారూ, మీరు అసలు చోట నొక్కారు. పైన ఎనిమిదింటికి లేచానని రాశాను కదా, మంచం దిగింది ఎనిమిదింటికి. నిద్ర మాత్రం కారు చప్పుడు దూరమైనప్పుడే పోయింది. పాడేరులో మెసేజ్ పెట్టమన్నాను. అయిదైంది, రాలేదు. చేస్తుంటే ఫోను కలవదు. లాడ్జి కుర్రాణ్ణి లేపి అడిగితే "సిగ్నల్ ఉండదు మేడం, వచ్చేస్తార్లెండి" అని మళ్లీ ముసుగు తన్నాడు. ఏడు దాటాక ఫోనొచ్చింది. "నీకు చూపిద్దామని వీడియో తీశాను, చలికి చెయ్యి వణికి సగం నేలే వచ్చింది" అన్నారు. అప్పుడు తిట్టాలనిపించలేదు. సంక్రాంతికి ఆ మాట అన్నాక, ఆ రాత్రికి కూడా కలిపి తిట్టాను.

కాఫీ మాత్రం నిజం. రెండు గ్లాసులు.

మెట్లదారి:
చూశావా అమ్మా, మా ఆవిడా అంతే. బస్సు దిగి నేను వచ్చేదాకా మెట్ల మొగదల నిలబడే ఉంటుంది. మోకాళ్లు నొప్పులంటూనే.

కర్నూలు మామ:
మరి మళ్లీ పోతారా లేదా?

గాజువాక గృహిణి:
పోతాం. ఈసారి రైల్లోనే, నాకు మాటిచ్చారు. ఆయన అలారాలు మూడూ ఇంట్లోనే వదిలి రావాలని నా షరతు. కానీ మా అత్తగారికి ఏం చెప్పాలో ఎవరూ చెప్పలేదు.

కర్నూలు మామ:
చెప్పాల్సింది మీరు కాదమ్మా, ఆయన.

గాజువాక గృహిణి:
అయితే ఇదంతా కూర్చోబెట్టి ఆయనకే చదివి వినిపిస్తాను.

ఓరుగల్లు పిల్ల:
మూడింటికి లేపి సదువు అక్కా.