తిరుపతిలో అసలైన పియానో మీద సాధన చేసుకునే చోటు ఉందా?

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. మా అమ్మాయికి 15 ఏళ్లు, వెస్టర్న్ క్లాసికల్ పియానోలో ట్రినిటీ (లండన్ సంగీత పరీక్షల సంస్థ) ఎనిమిదో గ్రేడ్ పాసైంది. ఇప్పుడు చెన్నైలో 20 నిమిషాలు తనొక్కతే కచేరీ చేసే అవకాశం వచ్చింది. అక్కడుండేది గ్రాండ్ పియానో. ఇంట్లో ఉన్నది 88 కీల డిజిటల్, అంటే కరెంటుతో పలికేది, లోపల తీగలుండవు.

పోయిన నెల అక్కడ ఒకసారి వాయించి చూసింది. మెల్లగా నొక్కాల్సిన చోట లోపలి సుత్తి తీగ దాకా వెళ్లక రెండు మూడు స్వరాలు అసలు పలకనే లేదు. పెడల్ సగమే తొక్కాల్సిన చోటా తడబడింది. తిరుగు ప్రయాణంలో సప్తగిరి రైలు అరక్కోణం దాటేదాకా ఒళ్లో బ్యాగు మీద వేళ్లు ఆడిస్తూనే ఉంది, ఒక్క మాట మాట్లాడలేదు. నాకు ప్రాణం ఉసూరుమంది.

మన ఊళ్లో వీణ, వయొలిన్, నాదస్వరం నేర్చుకోవడానికి కాలేజీయే ఉంది. పియానోకే దారి దొరకడం లేదు. తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ ఏ చర్చిలోనో, స్కూల్లోనో శ్రుతిలో ఉన్న పియానో రోజుకో గంట ఇచ్చేవాళ్లు తెలుసా? అద్దె కడతాం.

సెకండ్ హ్యాండ్‌లో అప్‌రైట్ (గోడకి ఆనించి పెట్టుకునే నిలువు పియానో) కొందామంటే, మన ఎండలకీ కార్తీకమాసం వానలకీ చెక్క ఎండి, ఉబ్బి శ్రుతి నిలవదేమోనని టెన్షన్. ఇంట్లో పెట్టుకున్నవాళ్లుంటే ఏడాదికి ఎన్నిసార్లు శ్రుతి చేయిస్తున్నారో, మనిషిని ఎక్కడినుంచి పిలిపిస్తున్నారో దయచేసి చెప్పండి. కచేరీకి ఇంకా ఆరు వారాలే ఉంది.