తెలంగాణ సైట్‌లో ఈసీ: డాక్యుమెంటు నంబరు కొట్టినా రికార్డు రావట్లేదు

ప్రశ్న: 2014లో రిజిస్టరైన ప్లాటుకి ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీద్దామంటే, రిజిస్ట్రేషన్ల శాఖ సైట్‌లో డాక్యుమెంటు నంబరు, సంవత్సరం, ఎస్ఆర్‌ఓ (సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు) అన్నీ ఇచ్చినా రికార్డు లేదంటోంది. తేడా ఎక్కడ?

జవాబు 1: మీరు కొడుతున్నది సీఎస్ (చెక్ స్లిప్) నంబరేమో చూడండి. డాక్యుమెంటులో ప్రతి షీటు మీదా ‘బీకే-1, సీఎస్ నం., డాక్ట్ నం.’ అని రెండూ పక్కపక్కనే ఉంటాయి. కావాల్సింది డాక్ట్ నంబరు, అంటే డాక్యుమెంటు నంబరు. సంవత్సరం కూడా రిజిస్టరైనదే ఇవ్వాలి, స్టాంపు పేపరు కొన్నది కాదు. డిసెంబరులో రాయించి జనవరిలో రిజిస్టరు చేయించిన వాటికి ఇదే తంటా.

జవాబు 2: నంబరుతో దొరికినా అక్కడితో ఆగొద్దండి. గ్రామం, సర్వే నంబరు, ప్లాటు నంబరుతో ఇంకోసారి వెతకండి. ఒకే సర్వే నంబరును ఒక డాక్యుమెంటులో 45/అ అని, ఇంకోదాంట్లో 45/ఏ అని, మరోచోట ఉత్త 45 అని రాసేస్తారు. మూడూ కొట్టి చూడాల్సిందే. మధ్యలో మీ ఊరు వేరే ఎస్ఆర్‌ఓ కిందికి మారితే పాత ఆఫీసు పేరుతోనూ వెతకాలి. ఆన్‌లైన్లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందుదైతే ఆఫీసుకి వెళ్లాలి.

జవాబు 3: అమ్మకం ఎంట్రీలో ఈఎక్స్ అంటే రాసిచ్చినవారు, సీఎల్ రాయించుకున్నవారు. ఎంఆర్, ఎంఈ కనబడితే తనఖా. అప్పు తీరినట్టు తర్వాత ఎంట్రీ ఉందో లేదో చూసుకోండి. రిజిస్టరు కాని అగ్రిమెంట్లు ఈసీలో రావు. వ్యవసాయ భూమైతే 2020 నవంబరు నుంచి రిజిస్ట్రేషన్లు తహసీల్దారు ఆఫీసులోనే, వాటిని భూభారతిలో (ప్రభుత్వ భూ రికార్డుల పోర్టల్) చూడాలి.