డయాలసిస్ గవర్నమెంట్ ఆసుపత్రిలోనే కొనసాగించాలా, ట్రస్టు సెంటర్‌కి మారాలా?

అందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లా, కొండపి దగ్గర పల్లెటూరు. మా మేనమామకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు ఒంగోలు గవర్నమెంట్ ఆసుపత్రిలో డయాలసిస్. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారే, ఆ పథకం కింద రూపాయి కట్టక్కర్లేదు. నెలనెలా 10,000 పింఛను ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. ఇవి లేకపోతే ఆయన మాకు దక్కేవాడు కాదు.

కష్టమల్లా రాకపోకలదే. నాలుగు గంటలు మిషన్ మీద ఉండి, సూదులు తీసిన చోట దూది అదిమిపట్టుకుని బస్సెక్కాలి. సీటు దొరక్కపోతే అత్త ఆయన్ని ఇంజన్ పక్కన కూర్చోబెట్టి, పడిపోకుండా భుజం పట్టుకుని నిలబడుతుంది.

ఇప్పుడు ఒక ట్రస్టు వాళ్లు నెల్లూరులో తమ సెంటర్‌లో ఉచితంగా చేస్తామంటున్నారు. పక్కనే గది, భోజనం, రక్తం పెరగడానికి వేసే ఇంజెక్షన్లు కూడా వాళ్లవేనట. మంచి మనుషులే, మాటలోనే తెలుస్తోంది. కానీ రేపు దాతలు తగ్గిపోతే? డయాలసిస్ వారం ఆగినా ప్రాణం మీదికొస్తుంది. సర్కారునైతే హక్కుగా అడుగుతాం, ట్రస్టుని ఏమని నిలదీస్తాం?

ఇలా మారినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. పింఛను ఆగకుండా ఏ కాగితాలు ఇచ్చారు? వెనక్కి రావాల్సొస్తే పాత చోట స్లాట్ మళ్లీ దొరికిందా? ట్రస్టు వాళ్లతో ముందే ఏమేం రాయించుకోవాలి? ఈ వారంలోనే వాళ్లకి మాట చెప్పాలి.